ఇంటి పక్క ఖాళీ ప్లాటులో ఎండుగడ్డి: ఎండాకాలం మంటలు అంటుకోకుండా ఏం చేయాలి

మార్చి దాటితే చాలు, ఒకటే ప్రశ్న మొదలవుతుంది. "మా పక్క ప్లాటులో గడ్డి నడుం ఎత్తు పెరిగి ఎండిపోయింది, ఎవరైనా బీడీ పారేస్తే మా గతేంటి?" అని. అడిగినవాళ్లే కాసేపాగి, "పోనీ మేమే ఓ సాయంత్రం జాగ్రత్తగా కాల్చేస్తే పోలా?" అంటారు. వద్దండీ. కాలనీల్లో నేను చూసిన మంటల్లో చాలావాటిని ఇలా జాగ్రత్తగా కాల్చేద్దామనుకున్నవాళ్లే అంటించారు.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన, చాలా పద్ధతైన మనిషి, రాలిన వేపాకులన్నీ గోడవార పోగేసి అగ్గిపుల్ల గీశారు. పక్కన బకెట్ నీళ్లు కూడా పెట్టుకున్నారు పాపం. గాలి ఒక్కసారి మళ్లింది, నిప్పురవ్వలు గోడ దాటి పక్క ప్లాటులో పడ్డాయి, ఆ గడ్డి పటపటమంటూ కాలుకుంటూ పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ గోడ వెంబడి వేసిన బోరు పైపు, పీవీసీది, వేడికి కొవ్వొత్తిలా వంగి మధ్యలో తెగిపోయింది. మంట ఆర్పడానికి నీళ్లు తెచ్చే పైపే ముందు పోయిందన్నమాట. ఆ రోజు తర్వాత నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. హైదరాబాద్ శివారు లేఅవుట్లు, విజయవాడ, వరంగల్ లాంటి ఊళ్ల కొత్త కాలనీలు, ఇళ్ల మధ్య ఖాళీ ప్లాట్లున్న ఎక్కడైనా ఇవి పనికొస్తాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొడవళ్లు, పార, ఆకులు లాగడానికి ఇనప పళ్ల దంతె
- నాలుగైదు పాత గోనె సంచులు (నిజం గోనెవి, ప్లాస్టిక్ యూరియా సంచులు కావు)
- 200 లీటర్ల డ్రమ్ము, మూతతో, పక్కనే రెండు ఖాళీ బకెట్లు. మగ్గుతో ఏం కాదు
- ఇంటి పైట్యాంకు నుంచి కిందికి నేరుగా నీళ్లొచ్చే పంపు, దానికి గోడ దాటి అవతలికి చేరేంత పొడవు పైపు
- ఒక బస్తా ఇసుక
- ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ (మంటలార్పే సిలిండర్, కట్టె, నూనె, కరెంటు మంటలకి పనికొచ్చే రకం), 4 లేదా 6 కిలోలది, వీధికి కనీసం ఒకటి
- గమ్‌బూట్లు, మందపాటి గ్లోవ్స్, నూలు బట్టలు
- గేటు లోపలివైపు పెద్ద అక్షరాలతో రాసిన నంబర్లు: ఫైర్ 101, అన్ని అత్యవసరాలకూ 112, కరెంటు 1912, అంబులెన్స్ 108, మీ ఏరియా లైన్‌మన్ సెల్ నంబరు

చివరిది అందరూ వదిలేస్తారు. ఫోన్లో ఉంది కదా అనుకుంటారు, ఆ ఫోన్ ఆ టైంలో ఎవరో పిల్లాడి చేతిలో గేమ్ ఆడుతూ ఉంటుంది.

1. మధ్యాహ్నం రెండు గంటలకు ఒకసారి వీధి చుట్టూ నడవండి

పొద్దున వాకింగ్‌లో కాదు, ఎండ మాడ్చేటప్పుడే. పొద్దున మంచుకి మెత్తగా ఉన్న గడ్డి మధ్యాహ్నానికి కాగితంలా అవుతుంది. ఒక గుప్పెడు తెంపి నలపండి. వంగితే ఇంకా టైం ఉంది. విరిగి పొడైతే ఆ ప్లాటు తయారుగా ఉన్నట్టే. నడుస్తూ మూడు రకాలవి రాసుకోండి: కాలేవి (గడ్డి, ఎండిన వయ్యారిభామ, సర్కారు తుమ్మ కంప, కొబ్బరి మట్టలు, చెత్తకుప్ప), అంటించేవి (బజ్జీల బండి, ఇస్త్రీ బండి, ట్రాన్స్‌ఫార్మర్, సిగరెట్లు కాల్చే అరుగు), కాలిపోతే ఇబ్బందిపడేవి (కార్లు, పైపులు, ఏసీ యూనిట్లు, గుడిసెలు).

ఈ మూడో లెక్కలో ఒకటి మర్చిపోకండి. కడుతున్న ఇంటి పక్కన నీలం టార్పాలిన్ వేసుకుని వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది చూడండి, మంట మన గోడ దగ్గరికి రావడానికి ముందే వాళ్లింట్లోకి వస్తుంది. ఎక్కువసార్లు ఆ ఇంట్లో మధ్యాహ్నం పిల్లలే ఉంటారు.

2. ప్లాటు ఓనర్‌ని పట్టుకోండి, అదీ సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, గడ్డిలో మిగిలిన పచ్చి కూడా దాంతోపాటే పోతుంది. ఈ పని చేయాల్సింది ఆ లోపే. గడ్డి అప్పటికి సగం పచ్చిగా ఉంటుంది, కోయడం తేలిక, నిప్పు భయం తక్కువ, కూలీలకు ఎండదెబ్బ ఉండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో మనుషుల్ని పెట్టి గడ్డి కోయించడం పాపం కూడా.

ఓనర్ చాలాసార్లు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. తిడుతూ మెసేజ్ పెడితే జవాబు రాదు. ప్లాటు ఫొటో, గోడ పక్క మీ ఇంటి ఫొటో, శుభ్రం చేయడానికి ఎంతవుతుందో మేస్త్రి చెప్పిన మొత్తం, యూపీఐ నంబరు, ఈ నాలుగూ ఒకే మెసేజ్‌లో పంపండి. "అన్నా, మీరు డబ్బులు పంపితే పని మేం దగ్గరుండి చేయిస్తాం, అయ్యాక ఫొటోలు పెడతాం" అంటే పదిమందిలో ఏడెనిమిది మంది ఒప్పుకుంటారు, నా అనుభవం. ఎవరి ప్లాటో తెలియకపోతే కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ఖాళీ స్థలం పన్ను వాళ్ల రికార్డుల్లో ఉంటే పేరు దొరుకుతుంది.

ఓనర్ పలకలేదు, మున్సిపాలిటీ రాలేదు, అప్పుడు? ప్లాటు మొత్తం వదిలేయండి, మీ గోడ వైపు పట్టీ మాత్రం మీరే చేయించుకోండి. దాని సంగతే ఇప్పుడు.

3. గోడ పక్కన 10 అడుగుల పట్టీ, మట్టి కనపడేదాకా

అన్నిట్లోకీ ఇదే ముఖ్యం, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. గడ్డి కాలితే మంట గడ్డి ఎత్తుకు రెండింతలు సులువుగా లేస్తుంది, గాలి ఉంటే గోడ మీదికి వంగుతుంది. మోకాలెత్తు గడ్డికి 10 అడుగుల ఖాళీ చాలు. నడుం దాటి ఉంటే, లేదా తుమ్మ కంప ఉంటే, 15 అడుగులు తీసుకోండి.

ముందు కర్రతో నేల కొట్టుకుంటూ ఒకసారి నడవాలి. పాములుంటాయి, ఎలుకలున్న చోట తప్పకుండా ఉంటాయి. గమ్‌బూట్లు లేకుండా ఎవర్నీ లోపలికి పంపకండి, కూలీ మనిషైనా సరే. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ఆపేయండి. కోసిన తర్వాత పారతో వేర్లదాకా చెక్కి మట్టి తేల్చాలి, కోసి వదిలేస్తే ఆ మొదళ్లే పట్టీలో నిప్పును పాకిస్తాయి.

ఇక్కడ జరిగే తప్పులు:

కోసిన గడ్డి అక్కడే కుప్ప పెట్టడం. "రేపు ట్రాక్టర్ వస్తుంది" అంటారు, ఆ రేపు రాదు. నిలబడ్డ గడ్డి కంటే కోసి గోడకు ఆనించిన కుప్ప ఇంకా ఎక్కువసేపు, ఇంకా వేడిగా మండుతుంది. కోసిన రోజే బయటికి పోవాలి. దగ్గర్లో పశువులున్నవాళ్లకి చెప్పి చూడండి, మంచి గడ్డి అయితే వాళ్లే మోసుకుపోతారు. వయ్యారిభామ మాత్రం పశువులకి పెట్టకూడదు, దాన్ని ముట్టుకునేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి, దురద పట్టుకుంటే వారం వదలదు.

గడ్డి మందు కొట్టడం. ఇది చాలామంది తెలివైన పని అనుకుంటారు. మందు కొడితే గడ్డి చస్తుంది, కానీ నిలబడే చస్తుంది. పచ్చిగా ఉన్నదాన్ని పది రోజుల్లో మీ చేతులతో మీరే ఎండగట్టినట్టు. కొడితే వానాకాలంలో మొలకల మీద కొట్టాలి గానీ ఫిబ్రవరిలో కాదు.

మిషన్ బ్లేడు. పెట్రోల్ గ్రాస్ కట్టర్‌కి ఇనప బ్లేడు వేసి రాళ్లున్న ప్లాటులో తిప్పితే రాయికి తగిలి రవ్వలు లేస్తాయి. రాళ్లున్న చోట నైలాన్ దారం తల వేయమనండి, లేదా కొడవలే నయం. మిషన్‌లో పెట్రోల్ పోసేటప్పుడు గడ్డిలో పెట్టి పోయకండి, రోడ్డు మీదికి తెచ్చి, ఇంజన్ చల్లారాక పోయాలి. జేసీబీతో చదును చేయించినా ఇదే సంగతి, ఒక మనిషి బకెట్ నీళ్లతో వెనకాలే ఉండాలి.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది? పట్టీ మీద చెప్పులు ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి నడవండి. దుమ్ము లేస్తే బాగా చెక్కినట్టు. చప్పుడొస్తే ఇంకా ఎండు పోచలున్నట్టు. ఏప్రిల్, మే నెలల్లో ఏదో ఒక రోజు అకాల వర్షం పడుతుంది, ఆ తర్వాత రెండు వారాలకి మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

4. ఆకులూ చెత్తా కాల్చకండి, ఎవర్నీ కాల్చనివ్వకండి

చెత్త బహిరంగంగా కాల్చడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబర్‌లో దేశమంతా నిషేధించింది, మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అని చెప్పింది. ఈ మాట కాలనీ నోటీసు బోర్డు మీద రాసి పెడితే కొంత పనిచేస్తుంది. కొంతే. ఊడ్చే మనిషికి ఆకులు ఎక్కడ వేయాలో చూపించకుండా కాల్చొద్దంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

కాబట్టి చోటు చూపించండి. పార్కు మూలన మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంట, ఆకులు ఒక వరస, వంటింటి తడి చెత్త లేదా పేడనీళ్లు ఒక వరస, పైన కాస్త మట్టి, రెండు రోజులకోసారి నీళ్లు. గుంట తడిగా ఉండాలి, ఎండుగా వదిలేస్తే అది ఎరువు గుంట కాదు, పొయ్యి. గుంట తవ్వే చోటు లేకపోతే ఆకుల్ని సంచుల్లో తొక్కి మూతి కట్టి చెత్త బండికి ఇవ్వండి. సంచులు గోడకి, ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆనించి పెట్టకండి.

5. నివురు కింది నిప్పు

నివురుగప్పిన నిప్పు అని మనం మాటవరసకి వాడతాం గానీ ఎండాకాలం కాలనీలో అది అచ్చంగా ఉన్నదే. ఇస్త్రీ బండి బొగ్గులు, కట్టెల పొయ్యి బూడిద, ఆదివారం డాబా మీద చికెన్ కాల్చుకున్న గ్రిల్లు, సాయంత్రం దోమలకి వేసిన పొగ. పైకి తెల్లగా చల్లారినట్టే ఉంటుంది, లోపల మర్నాటిదాకా ఎర్రగా ఉండగలదు. బూడిదని రేకు డబ్బాలో వేసి, నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయాలి. చెయ్యి వెనకవైపు దగ్గర పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే ఇంకా అవ్వలేదు. ప్లాస్టిక్ బకెట్‌లో వేయకండి, అట్టపెట్టెలో అసలే వద్దు.

ఇస్త్రీ అన్నకి ఒక పాత నూనె డబ్బా, అందులో సగం నీళ్లు, మీరే ఇవ్వండి. నెలకి వందసార్లు "జాగ్రత్త" అని చెప్పేకంటే అదే పనిచేస్తుంది. అలాగే సిగరెట్లు కాల్చే అరుగు దగ్గర ఇసుక డబ్బా. మానేయమంటే మానరు, పారేసే చోటు పెడితే అందులో పారేస్తారు.

6. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు

ఎండాకాలం ఏసీల లోడుకి తీగలు వేడెక్కి సాగి కిందికి వేలాడతాయి, గాలికి ఒకదానికొకటి తగిలి రవ్వలు రాలుస్తాయి, ఆ రవ్వ పడేది సరిగ్గా కింద పెరిగిన ఎండుగడ్డిలో. సాయంత్రం ఏడు తర్వాత, చీకట్లో, ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఐదు నిమిషాలు దూరంగా నిలబడి చూడండి. నీలం మెరుపో, చిటపట చప్పుడో ఉంటే 1912కి చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి.

తీగలకి తగిలే కొమ్మలు మీరు కొట్టకండి. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె చుట్టూ ఉన్న గడ్డి, తీగమొక్కలు కూడా లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్ ఆపి పని చేయడానికి సబ్‌స్టేషన్ అనుమతి) తీసుకుని, సప్లై ఆపాకే తీయాలి. "ఫ్యూజు పీకేశాంలే అన్నా, కానివ్వు" అనే మాట నమ్మి పోయినవాళ్లున్నారు.

7. చూడ్డానికి చిన్నవే

పరుగెత్తి వచ్చిన బైకుని ఎండుగడ్డి మీద ఆపకండి, సైలెన్సర్ చాలు. గేటు వెల్డింగ్ పని వస్తే కింద నేల తడపమనండి, పని అయ్యాక అరగంట ఎవరో ఒకరు అక్కడే ఉండాలి. డాబా మీద పాత పరుపులు, కొబ్బరి మట్టలు, ఏసీ యూనిట్ వెనక పావురాలు పెట్టిన పుల్లల గూళ్లు తీసేయండి, గుడ్లుంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి. దీపావళికి మిగిలిన టపాసులు అటక మీద ఉన్నాయా, సెలవుల్లో పిల్లలు వెతికి పట్టుకుంటారు.

8. పండగలు, పెళ్లిళ్లు

హోలీ ముందు రాత్రి కామదహనం సరదాగానే ఉంటుంది, మానమని నేను చెప్పను. నడిరోడ్డు మీద సరిగ్గా తీగల కింద పేర్చడం మాత్రం మానండి. పైన తీగ లేని చోట, చుట్టూ ఖాళీ ఉన్న చోట, కింద ఇసుక పరిచి, కట్టెలు మనిషి ఎత్తు దాటకుండా. టైర్లు వేయకండి. ఇళ్లకి పోయేముందు నీళ్లు పోసి కెలికి మళ్లీ పోయాలి, పొద్దున చూద్దాంలే అనుకుంటే తెల్లవారుజామున గాలి చూస్తుంది దాని పని.

శ్రీరామనవమికి తాటాకు పందిరి వేస్తే దాని కింద వంట వద్దు, హాలోజన్ లైట్లు ఆకులకి తగలకూడదు. పెళ్లి బరాత్‌లో పైకి లేచే టపాసులు ఖాళీ ప్లాట్ల వైపు కాల్చనివ్వకండి. ఎండాకాలంలో ఆకాశ దీపాలు వదలడం అసలే వద్దు, ఎవరింటి మీద దిగుతుందో వదిలినవాడికి తెలీదు.

9. నీళ్లూ దారీ: రెండు పరీక్షలు

మొదటిది. మెయిన్ స్విచ్ ఆపేసి పైపు తిప్పండి. మంట వచ్చినప్పుడు కరెంటు తీసేస్తారు, బోరు మోటార్ పనిచేయదు, అప్పుడు మీ చేతిలో ఉన్నది పైట్యాంకు నీళ్లే. పైపు గోడ అవతల మూలదాకా వెళ్తోందా? బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పడుతోంది? నిమిషం దాటితే ఆ పైపుని నమ్ముకోకండి, డ్రమ్ము నిండుగా ఉంచుకోండి. డ్రమ్ముకి మూత తప్పనిసరి, దోమలకీ పిల్లలకీ కూడా.

రెండోది. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ వస్తుంది కదా, డ్రైవర్‌ని బతిమాలి రాత్రి పదింటికి, అందరి కార్లూ రోడ్డు మీద ఉన్నప్పుడు, వీధి చివరిదాకా ఒకసారి పోయి రమ్మనండి. ఎక్కడ ఆగిపోతే ఫైరింజన్ కూడా అక్కడే ఆగిపోతుంది. ఆ మలుపులో కార్లు ఒకవైపే పెట్టించండి. ఆర్చీకి కట్టిన ఫ్లెక్సీలు, అడ్డంగా వేలాడే కేబుల్ టీవీ వైర్లు కూడా అప్పుడే బయటపడతాయి.

ఎక్స్‌టింగ్విషర్ ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో నెలకోసారి చూడండి. ఇంకో మాట, దాన్నే నమ్ముకోకండి. అది అర నిమిషం లోపే ఖాళీ అవుతుంది, పౌడర్ మంటని ఆర్పుతుంది గానీ వేడిని తీయదు, గడ్డి మళ్లీ రాజుకుంటుంది. గడ్డి మంటకి నీళ్లే మందు. ఎక్స్‌టింగ్విషర్‌ని బైకుకో, మీటరు బోర్డుకో దాచుకోండి, బోర్డు మీద మాత్రం నీళ్లు పోయొద్దు.

10. అయినా అంటుకుంటే

ముందు 101. ఆ తర్వాతే బకెట్. వీడియో తీసే కుర్రాడికే ఆ పని చెప్పండి, ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది. వీధి పేరు కంటే దగ్గరున్న గుడో, వాటర్ ట్యాంకో, స్కూలో చెప్తే తొందరగా వస్తారు. మెయిన్ రోడ్డు మలుపులో ఒక మనిషిని నిలబెట్టండి. ఇంకొకరు వాచ్‌మన్ గుడిసె దగ్గరికి పరుగెత్తాలి.

మంట మోకాలు దాటకపోతే, మీరు కనీసం ముగ్గురుంటే, వెనక్కి పోయే దారి ఉంటే, అప్పుడే దిగండి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని వీపు గాలి వైపు పెట్టుకోండి, కాలిపోయిన నేల మీద నిలబడి అంచులు ఆర్పుకుంటూ రండి. మంటకి ఎదురుగా, ఎండుగడ్డిలో నిలబడి ఆర్పాలని చూడకండి. తడిపిన గోనె సంచిని మంట మీద అదిమి లాగాలి. పైకెత్తి దబదబా బాదితే రవ్వలు ఎగిరి ఇంకో మూడు చోట్ల అంటుకుంటాయి, అందరూ చేసే తప్పు ఇదే. గోనె లేకపోతే పచ్చి వేప కొమ్మ. నైలాన్ చీరలు, పాలిస్టర్ నైటీలు, ట్రాక్ ప్యాంట్లు వేసుకున్నవాళ్లు దూరంగా ఉండండి, ఆ బట్ట కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ అంటుకున్నా, తీగ తెగి పడినా 30 అడుగుల దూరం. నీళ్లు వద్దు, హీరోయిజం వద్దు.

ఒళ్లు కాలితే పంపు కింద మామూలు నీళ్లు, 20 నిమిషాలు. ఐసు కాదు, పేస్టు కాదు, ఇంకు కాదు, పసుపూ కాదు. ఉంగరాలు, గాజులు వాచకముందే తీసేసి 108కి చేయండి.

11. ఆరిపోయాక

పొగ తగ్గగానే అందరూ ఇళ్లలోకి పోతారు. మీరు పోకండి. కాలిన ప్లాటు అంచు వెంబడి దంతెతో లాగుతూ తడపండి, ముఖ్యంగా తుమ్మ మొదళ్లు, పేడ కుప్పలు, పాత చెక్కలు, వీటిలో నిప్పు గంటలకొద్దీ దాక్కుంటుంది. రాత్రి పదింటికి వీధిలైటు ఆపించి చీకట్లో ఒకసారి, పడుకునేముందు ఇంకోసారి చూడండి. మొదట్లో చెప్పిన మా వీధి చివరి ప్లాటులో ఆ రోజు రాత్రి పదకొండున్నరకి గోడ మూలన అగరొత్తి చివరంత ఎర్రచుక్క కనిపించింది, దాని మీద మూడు బకెట్లు పోయాల్సి వచ్చింది.